రెండు సీసాల మీదా గ్రాంట్ అనే ఉంది, వీళ్ళు అన్నదమ్ములా, పాలివాళ్ళా?

పూర్ణామార్కెట్_మూడోతరం

మా అక్క మొగుడు లండన్ నుంచి వస్తూ రెండు స్కాచ్ విస్కీ సీసాలు పట్టుకొచ్చాడు. ఒకటి అందరికీ తెలిసిన మూడు పలకల ఆకుపచ్చ సీసా, గ్లెన్‌ఫిడిక్. రెండోది గ్లెన్‌ఫార్క్లాస్ అట, ఆ పేరు నేను వినడం ఇదే మొదలు. ఆదివారం సాయంత్రం డాబా మీద కూర్చుని వేపిన జీడిపప్పు నములుతూ లేబుళ్ళు చదువుతుంటే మొదటిదాని మీద విలియం గ్రాంట్ అండ్ సన్స్ అని, రెండోదాని మీద జె అండ్ జి గ్రాంట్ అని ఉంది. బావ వెంటనే "ఒకే ఇంటివాళ్ళురా, పంపకాల్లో విడిపోయుంటారు, రేపు మీ నాన్నా బాబాయిలూ విడిపోయినట్టు" అన్నాడు. సరదాకే అన్నాడు గానీ నాకు గుచ్చుకుంది.

మాది బెల్లం, చింతపండు హోల్‌సేల్. తాత అనకాపల్లి నుంచి బెల్లం దిమ్మలు తెచ్చి అమ్మడంతో మొదలైంది. ఇప్పుడు నాన్న, ఇద్దరు బాబాయిలు, మా తరంలో ఐదుగురం. పెద్ద బాబాయి కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ "నా వాటా లెక్కగట్టి ఇచ్చెయ్యండి" అంటున్నాడు, ఆరు నెలలుగా ఇంట్లో ఇదే టెన్షన్. భోజనాల దగ్గర కూడా ఎవరూ ఎవరి ముఖం చూడట్లేదు.

అందుకే అడుగుతున్నా. వీళ్ళిద్దరూ ఒకటేనా? కాకపోతే వందేళ్ళకి పైగా అమ్ముకోకుండా, కొట్టుకోకుండా ఎలా నెట్టుకొచ్చారు? ఎక్కడ వెతికినా అంతా రుచి గురించే, వెనిల్లా అట, ఎండుద్రాక్ష అట, పాత తోలు వాసనట, నాకా గొడవ వద్దు. వ్యాపారం సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.

ఇంజన్‌రూమ్_రిటైర్డ్

బాబూ, మీ బావగారితో చెప్పండి, అన్నదమ్ములూ కాదు, పాలివాళ్ళూ కాదు. స్కాట్లండ్‌లో ఈ విస్కీలు తయారయ్యే స్పే నది చుట్టుపక్కల గ్రాంట్ అనే పేరు మన ఉత్తరాంధ్రలో అప్పలనాయుడు లాంటిది, బస్టాండులో గట్టిగా పిలిస్తే పదిమంది వెనక్కి తిరుగుతారు. రెండు కుటుంబాలూ వేరు, రెండు కంపెనీలూ వేరు.

నేను ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరై లాసన్స్‌బే కాలనీలో కూర్చున్నాను. అమ్మాయి ఆబర్డీన్‌లో ఉంటుంది, వెళ్ళినప్పుడు రెండుచోట్లకీ తీసుకెళ్ళింది. నాకు రెండోదే, అంటే మీరు పేరు వినని గ్లెన్‌ఫార్క్లాసే, మనసుకి పట్టింది. బెన్ రిన్నెస్ అనే కొండ కింద, చుట్టూ పశువులు మేసే పచ్చిక. 1836లో లైసెన్సు తీసుకున్న విస్కీ బట్టీ, అంటే డిస్టిలరీ, అది. 1865లో జాన్ గ్రాంట్ అనే రైతు 511 పౌండ్ల 19 షిల్లింగులకి కొన్నాడు. ఆయనకి కావాల్సింది విస్కీ కాదండీ, ఆ పొలం. పశువుల్ని ఎల్గిన్ సంతకి తోలుకెళ్ళేటప్పుడు మధ్యలో ఆగడానికి మజిలీగా పనికొస్తుందని. పొలంతో పాటు బట్టీ కూడా వస్తే మొదట్లో జాన్ స్మిత్ అనే అతనికి లీజుకిచ్చేశాడు. ఆ స్మిత్ తర్వాత వెళ్ళి క్రాగన్‌మోర్ అని సొంత బట్టీ పెట్టుకున్నాక గానీ గ్రాంట్లు తామే విస్కీ కాయడం మొదలుపెట్టలేదు.

ముసలాయన 1889లో పోయాడు, కొడుకు జార్జ్ మరుసటి ఏడాదే పోయాడు. పిల్లలు ఇంకా అందిరాలేదు, ఆ జార్జ్ భార్యే లైసెన్సు తన పేరు మీద పెట్టుకుని నడిపింది. ఈమె గురించి పెద్దగా ఎవరూ చెప్పుకోరు, నాకైతే ఆ ఇల్లు నిలబడింది అక్కడే అనిపిస్తుంది. ఆ తర్వాత కొడుకులకి పెట్టే పేర్లు తిరిగి తిరిగి అవే, జాన్ లేకపోతే జార్జ్. ఇప్పుడు ఆరో తరం. లేబుల్ మీద జె అండ్ జి అంటే అదే.

నన్ను పట్టుకుంది రెండు సంగతులు. ఒకటి, బట్టీ అడుగున ఇప్పటికీ నేరుగా మంట పెడతారు. మిగతా చాలామంది ఆవిరి గొట్టాలకి మారిపోయారు, ఖర్చు తక్కువ, పని సులువు. నేరుగా మంట పెడితే అడుగంటుతుంది కదా, అందుకని లోపల గొలుసులు తిరుగుతూ రాగి అడుగుని గీకుతుంటాయి, మనం పాయసం గరిటెతో తిప్పినట్టు. 1981లో వీళ్ళూ ఆవిరి పెట్టి చూశారు, వచ్చిన సరుకు తమది కాదనిపించింది, కొద్ది వారాల్లోనే పీకేసి మళ్ళీ మంటకే వచ్చారు. ఇంజనీరుగా నేనైతే ఆవిరే పెట్టమనేవాణ్ణి. ఒప్పుకుంటాను, వాళ్ళే రైటు.

రెండోది ఒక గది. షిప్స్ రూమ్ అంటారు. గోడలకి ఓక్ పలకలున్నాయి, అవి ఎంప్రెస్ ఆఫ్ ఆస్ట్రేలియా అనే పాత ప్రయాణికుల ఓడవి, దాన్ని విరగ్గొట్టాక తెచ్చి బిగించుకున్నారు. అందరూ గ్లాసులు చూస్తుంటే నేను గోడ తడుముతూ నిలబడ్డాను. ఓడ చెక్కపని చేసేవాళ్ళు మర బిగించాక తల కనిపించకుండా చిన్న చెక్క బిరడా కొట్టి నున్నగా పాలిష్ చేస్తారు, వేలికి తప్ప కంటికి తెలీదు. కొండల మధ్య పశువుల ఊళ్ళో అది వేలికి తగిలితే ఎలా ఉంటుందో చెప్పలేను. మా అమ్మాయి "నాన్నా, బస్సు పోతుంది" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

గ్లెన్‌ఫిడిక్ కథ వేరే, దాన్ని ఇంకెవరైనా చెప్పండి, నా చేతులు నొప్పెట్టాయి.

సీతమ్మధార_వెటకారం

ఫ్యామిలీ కంపెనీ, తాతలనాటి మంట, ఓడ చెక్కలు... బాగుందండీ, కన్నీళ్ళొచ్చాయి. ఆ విలియం గ్రాంట్ వాళ్ళు ఇప్పుడు హెండ్రిక్స్ జిన్ అమ్ముతున్నారు, 2014లో డ్రాంబుయీ అనే లిక్కర్ కొన్నారు, 2025లో ఫేమస్ గ్రౌస్ అనే విస్కీ కూడా కొనేశారు. సీఈఓ గ్రాంటూ కాదు, ఆ ఇంటి అల్లుడి వైపు గార్డనూ కాదు, బయటి మనిషి. ఇందులో కుటుంబం ఎక్కడుంది, లేబుల్ మీద తప్ప?

లెక్కలపుస్తకం

వెటకారం గారూ, మీరు తప్పు పట్టినదే మూడోతరం బ్రదర్‌కి అసలు జవాబు. వాటాలు కుటుంబం దగ్గర, కుర్చీ ఎవరికి చేతనైతే వాళ్ళకి. ద్వారకానగర్‌లో ఇరవై రెండేళ్ళుగా ఆడిట్లు చేస్తున్నా, మన వ్యాపారాలు విడిపోయేది ఈ రెండూ కలిపేసినప్పుడే. పెద్దకొడుకు కాబట్టి గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి, కూర్చున్నాడు కాబట్టి వాటా ఎక్కువ కావాలి, అక్కడ మొదలవుతుంది గొడవ.

కానీ అది తర్వాత సంగతి. ముందు విలియం గ్రాంట్ ఎవరో చెప్తాను. డఫ్‌టౌన్‌లో 1839లో పుట్టాడు, తండ్రి దర్జీ. చిన్నప్పుడు పశువులు కాశాడు, చెప్పులు కుట్టడం నేర్చుకున్నాడు, చివరికి అదే ఊళ్ళో మోర్ట్‌లాక్ డిస్టిలరీలో గుమాస్తాగా చేరి మేనేజరు అయ్యాడు, మొత్తం ఇరవై ఏళ్ళ ఉద్యోగం. తొమ్మిదిమంది పిల్లలు, ఏడుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. జీతం రాళ్ళతోనే మిగుల్చుకుని 1886లో, అంటే దాదాపు 47 ఏళ్ళ వయసులో, ఉద్యోగం మానేసి సొంత డిస్టిలరీ, అదే గ్లెన్‌ఫిడిక్, కట్టడం మొదలుపెట్టాడు. కూలీలెవరు? పిల్లలే, పక్కన ఒక తాపీమేస్త్రీ. యంత్రాలు కొత్తవి కొనే స్తోమత లేదు. కార్డో డిస్టిలరీని ఎలిజబెత్ కమ్మింగ్ అనే ఆవిడ నడిపేది, ఆవిడ కొత్తవి పెట్టుకుంటూ పాతవి తీసేస్తుంటే అన్నీ కలిపి 119 పౌండ్ల 19 షిల్లింగుల 10 పెన్నీలకి కొన్నాడు. 120 పౌండ్లకి రెండు పెన్నీలు తక్కువ! ఆ బేరం ఎలా నడిచిందో మన పూర్ణామార్కెట్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 1887 క్రిస్మస్ రోజున మొదటి ధార పడింది. పిల్లల చదువులు మాత్రం ఆపలేదు, తనిఖీకి వచ్చిన ఆఫీసరుకి బట్టీల పక్కన లాటిన్, లెక్కల పుస్తకాలు కనిపించాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1892లో పక్కనే బాల్వెనీ అని ఇంకో డిస్టిలరీ కట్టారు.

ఇప్పుడు అసలు దెబ్బ. దీన్ని కాస్త నిదానంగా చదవండి.

అప్పట్లో ఈ డిస్టిలరీలు సరుకు సొంత పేరుతో అమ్మేవి కావు, రకరకాల విస్కీలు కలిపి తమ పేరుతో అమ్మే బ్లెండర్లకి పీపాలకి పీపాలు అమ్మేసేవి. ఆ బ్లెండర్లలో ఎడిన్‌బర్గ్ పక్కన లీత్ రేవులో ప్యాటిసన్ అన్నదమ్ములు, రాబర్ట్, వాల్టర్, మహా ఆడంబరం. అంతకుముందు పాల వ్యాపారం వాళ్ళది. ప్రకటనలకి డబ్బు నీళ్ళలా పోశారు, "ప్యాటిసన్ విస్కీ కొనండి" అని పలకడం నేర్పించిన చిలకల్ని సారాకొట్ల వాళ్ళకి పంచిపెట్టారని చెప్తారు. 1896లో పబ్లిక్ కంపెనీ చేస్తే షేర్ల కోసం జనం ఎగబడ్డారు. లోపల చూస్తే సరుకు విలువ పెంచి రాయడం, ఒకే సరుకు మీద రెండుసార్లు అప్పు తేవడం, చవక విస్కీలో కాస్త మంచిది చల్లి మేలురకం అని అమ్మడం. 1898 డిసెంబరులో చేతులెత్తేశారు. 1901లో మోసం కేసులో ఇద్దరూ జైలుకెళ్ళారు. వాళ్ళని నమ్ముకుని అరువిచ్చినవాళ్ళు, కొత్త డిస్టిలరీలు కట్టినవాళ్ళు వరసగా మునిగారు.

మీ రెండు సీసాల గ్రాంట్లూ ఇందులో ఇరుక్కున్నవాళ్ళే. పాలివాళ్ళు కాకపోయినా ఇద్దరికీ పిడుగు ఒకటే.

గ్లెన్‌ఫార్క్లాస్ వాళ్ళకి ఎక్కువ తగిలింది, ఎందుకంటే 1895లోనే ప్యాటిసన్‌ని సగం భాగస్వామిగా తెచ్చుకున్నారు. సగం వాటా వాడి చేతిలో, వాడేమో జైల్లో. తేరుకోవడానికి దాదాపు 15 ఏళ్ళు పట్టింది, ఆ తర్వాత బయటివాడికి వాటా ఇవ్వడం అనే మాటే లేదు. విలియం గ్రాంట్‌కి పోయింది వాటా కాదు, పెద్ద కొనుగోలుదారు. ఆయన ఇంకోలా ఆలోచించాడు, కొనేవాడు పోతే మనమే అమ్ముకుందాం అని సొంత బ్లెండు తయారుచేసి అల్లుడు చార్లెస్ గార్డన్‌ని గ్లాస్గో పంపించాడు. అల్లుడు బడిపంతులు, అమ్మకాలంటే ఏమిటో తెలీదు. వందల కొట్ల మెట్లెక్కి దిగితే గానీ మొదటి కేసు అమ్ముడుపోలేదట. 1914 నాటికి 30 దేశాలకి సరుకు వెళ్ళింది. 1903లోనే లిమిటెడ్ కంపెనీగా మార్చుకున్నారు, అప్పటికి ముసలాయన బతికే ఉన్నాడు, 1923లో పోయాడు. చనిపోయాక పంచుకోవడం వేరు, బతికుండగా కాగితం మీద పెట్టడం వేరు బ్రదర్. మీ నాన్నగారికి ఈ ఒక్కటీ చెప్పండి చాలు.

పూర్ణామార్కెట్_మూడోతరం

లెక్కలపుస్తకం గారూ, ప్యాటిసన్ సంగతి చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మా ఇంట్లో కూడా ఒకటి జరిగింది. పార్టీ పేరు చెప్పను, పెద్ద స్వీట్ల తయారీదారు, మా బెల్లంలో మూడో వంతు వాళ్ళకే పోయేది. పదమూడేళ్ళ కిందట ఒక సోమవారం షట్టర్ ఎత్తలేదు. మాకు 18 లక్షలు రావాలి. నాన్న అక్క పెళ్ళికి కొన్న స్థలం అమ్మి అనకాపల్లి రైతులకి కట్టాడు. ఆ రోజు నుంచే బాబాయిలు "నువ్వు మమ్మల్ని అడక్కుండా అరువిచ్చావు" అనడం మొదలుపెట్టారు. ఇప్పుడు బయటికొచ్చిన వాటా గొడవ నిజానికి అప్పటిదే.

ఒక అనుమానం. వాళ్ళ సరుకు ఉంచేకొద్దీ ధర పెరుగుతుంది, మాది శ్రావణమాసం వచ్చేసరికి చెమ్మగిల్లి నీరు కారుతుంది. అసలు రెంటికీ పోలికేనా?

ఇంజన్‌రూమ్_రిటైర్డ్

ఉంచేకొద్దీ ధర పెరగడం నిజమే గానీ సరుకు తరుగుతుంది. స్కాచ్ అనిపించుకోవాలంటే అక్కడే ఓక్ పీపాలో కనీసం మూడేళ్ళు ఉండాలి, ఆ చలిలో కూడా ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, దాన్ని దేవదూతల వాటా అంటారు. మన విశాఖ ఎండలో పెడితే దేవదూతలు పీపా కూడా మిగల్చరు. ఆ గోడౌనులో మట్టి నేల, చేతికందే కప్పు, చీకటి. తలుపు తియ్యగానే వచ్చే వాసన, ఎండుద్రాక్ష డబ్బా మూత తీసినట్టు.

2007లో గ్లెన్‌ఫార్క్లాస్ వాళ్ళు ఫ్యామిలీ కాస్క్స్ అని బయటికి తీశారు. 1952 నుంచి 1994 దాకా ఏ ఏడాదీ తప్పకుండా ఏడాదికో పీపా చొప్పున 43. అంటే తాత నింపిపెట్టింది మనవడి కాలంలో అమ్మారన్నమాట. కష్టకాలంలో పాత సరుకు బ్లెండర్లకి తెగనమ్ముకుని ఉంటే ఆ వరస ఉండేది కాదు.

లెక్కలపుస్తకం

దానికే ఓపిక గల పెట్టుబడి కావాలి. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీని మూడు నెలలకోసారి లాభం చూపించమంటారు, నలభై ఏళ్ళు పీపా మీద కూర్చుంటానంటే ఒప్పుకోరు. 1963లో విలియం గ్రాంట్ మునిమనవళ్ళ తరం రెండు పనులు చేసింది, రెండూ అప్పటికి పిచ్చిపనుల్లాగే కనిపించాయి. బ్లెండుల్లో కలిపే చవక ధాన్యపు విస్కీ, అంటే గ్రెయిన్ విస్కీ కోసం ఇంకో పెద్ద కంపెనీ మీద ఆధారపడకూడదని గర్వన్‌లో తొమ్మిది నెలల్లో సొంత ప్లాంటు లేపారు, అదీ క్రిస్మస్ రోజునే మొదలు. అదే ఏడాది గ్లెన్‌ఫిడిక్‌ని బ్లెండులో కలపకుండా సింగిల్ మాల్ట్‌గా, అంటే ఒకే డిస్టిలరీ మొలకబార్లీ విస్కీగా స్కాట్లండ్ బయట గట్టిగా అమ్మడం మొదలుపెట్టారు. ఘాటుగా ఉంటుంది, ఎవడు తాగుతాడు అన్నారు మిగతావాళ్ళు. ఇప్పుడు ఏ ఎయిర్‌పోర్టులో చూసినా అందరిదీ అదే బాట. ఆ మూడు పలకల సీసా అంతకు కొన్నేళ్ళ ముందు హన్స్ ష్లెగర్ అనే డిజైనరు గీసింది.

చోడవరం_చెరకు

నాదొక చిన్న బాధ. ఊట, బట్టీ, ధార అన్నీ మన ఊళ్ళ మాటలే. మా చిన్నప్పుడు గెడ్డ ఒడ్డున బెల్లం ఊట కుండలు పోలీసులు పగలగొడితే నేలంతా నురగ, చీమలు, వారం రోజులు అదే వాసన. వాళ్ళ తాతలు కూడా కొండల్లో దొంగ బట్టీలు పెట్టినవాళ్ళే కదా! వాళ్ళకి కంపెనీలెలా వచ్చాయి, మనకి కేసులెందుకు వచ్చాయి అని ఆలోచిస్తే తేడా చట్టంలో కనిపిస్తుంది. 1823లో బ్రిటన్ వాళ్ళు లైసెన్సు ఫీజు 10 పౌండ్లకి పెట్టి సుంకం తగ్గించారు, దొంగచాటుగా కాచేవాళ్ళు బయటికొచ్చి బోర్డు పెట్టుకున్నారు. మరుసటి ఏడాదే లైసెన్సు తీసుకున్న గ్లెన్‌లివెట్ జార్జ్ స్మిత్‌ని పాత దొంగ బట్టీలవాళ్ళు చంపుతామంటే నడుముకి పిస్తోళ్ళు పెట్టుకుని తిరిగాడు. మన దగ్గర సారా అంటే ఏటా ప్రభుత్వం వేలం పాట, పాడుకున్న కాంట్రాక్టరుకి ఆ ఏడాది డబ్బు లాగడమే పని, మంచి సరుకు కాయాలనే ధ్యాస ఎందుకుంటుంది? చివరికి దూబగుంట ఆడవాళ్ళు రోడ్డెక్కారు, 1993లో సారా నిషేధం, 1995లో మొత్తం మద్యనిషేధం, 1997లో ఎత్తివేత. ఆడవాళ్ళు చేసింది తప్పని నేననను, మా అమ్మ కూడా ఆ గుంపులో ఉంది.

ఇంకోటి, మన దగ్గర విస్కీ అని అమ్మే చాలావాటిలో ఉండేది చెరకు మడ్డి, అదే మొలాసిస్, నుంచి తీసిన స్పిరిటే. ఆ లెక్కన మూడోతరం గారూ, మీరూ మేమూ విస్కీ వ్యాపారానికి దూరపు చుట్టాలం!

సీతమ్మధార_వెటకారం

సరే, లేబుల్ మీద తప్ప అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ధర సంగతి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. 2025 జులైలో బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకాలయ్యాయి కదా, దిగుమతి సుంకం 150 శాతం నుంచి ముందు 75కి, పదేళ్ళలో 40కి తగ్గాలి. మీద మన రాష్ట్రం పన్నులు ఎలాగూ ఉంటాయి. అప్పటిదాకా మూడోతరం గారి డాబా ఎక్కడో చెప్తే వచ్చి జీడిపప్పు తింటాం.

పూర్ణామార్కెట్_మూడోతరం

అప్‌డేట్. నిన్న రాత్రి నాన్నకి ఇదంతా చెప్పాను. ఆయన మందు ముట్టడు, అయినా చివరిదాకా విన్నాడు. లిమిటెడ్ కంపెనీ సంగతి మాట్లాడటానికి వచ్చే గురువారం బాబాయిలిద్దర్నీ కూర్చోబెడదామన్నాడు, లెక్కలపుస్తకం గారూ, మీకు మెసేజ్ పెడతాను, ఫీజు చెప్పండి. హైదరాబాద్ వాడిని కూడా ఫోన్లో కలపమన్నాడు, అది నేను ఊహించలేదు.

సింగిల్ మాల్టులూ, ఆరు తరాలూ ఏవీ ఆయన పట్టించుకోలేదు. ఒక్క చిలకల దగ్గర మాత్రం ఆపి "నిజంగా పంచిపెట్టాడా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత లేచి దేవుడి గదిలోకి వెళ్ళి కుంకం పోసుకునే చిన్న వెండి గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టాడు. అడుగున ఆ స్వీట్లవాడి షాపు పేరు చెక్కి ఉంది. ఏటా ఉగాదికి మార్కెట్లో అందరికీ ఒకటి పంచేవాడట. అమ్మ వంటింట్లోంచి "కుంకం కింద పోస్తారేంటి, ఇలా తెండి" అని కేకేస్తే మళ్ళీ తీసుకెళ్ళి అక్కడే పెట్టేశాడు.